కొత్త విమాన ఇంజిన్‌కి గారాబం పనికిరాదు: బ్రేక్-ఇన్ ఎలా చేయాలి

కొత్త బైక్ కొన్నప్పుడు మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపమని చెప్తారు. ఆ మాట మనసులో పెట్టుకుని విమానంలో కొత్త ఇంజిన్‌ని కూడా సగం థ్రాటిల్ మీద, దెబ్బ తగలకుండా చూసుకుంటున్నట్టు తిప్పేవాళ్లున్నారు. ఇంజిన్ పాడయ్యేది సరిగ్గా అక్కడే. లైకమింగ్, కాంటినెంటల్ లాంటి గాలితో చల్లబడే ఇంజిన్‌కి మొదటి గంటల్లో కావలసినవి రెండే: సిలిండర్ లోపల గట్టి ఒత్తిడి, సిలిండర్ పైభాగమైన హెడ్ దగ్గర అదుపు తప్పని వేడి. చిక్కేమిటంటే, ఒత్తిడి పెంచితే వేడి కూడా పెరుగుతుంది. ఒకదాన్ని వదులుకోకుండా రెండోదాన్ని ఎలా పట్టుకోవాలన్నదే బ్రేక్-ఇన్‌లో, అంటే కొత్త ఇంజిన్ భాగాలు ఒకదానికొకటి అమరేలా నడిపే ఈ మొదటి గంటల్లో, పనంతా.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్‌కీ, ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) అయినదానికీ, ఒకటి రెండు సిలిండర్లు మాత్రమే మార్చినదానికీ కూడా ఈ పద్ధతి వర్తిస్తుంది. రోటాక్స్ 912 లాంటి గేర్‌బాక్స్ ఇంజిన్ల కథ వేరు, వాటిని ఇక్కడ కలపడం లేదు. ఇంకో మాట ముందే చెప్పేస్తాను. లైకమింగ్ అయితే సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1427, కాంటినెంటల్ అయితే ఎం-0 మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. వాటికీ నా మాటకీ తేడా వస్తే వాటి మాటే చెల్లుతుంది.

లోపల ఏం జరుగుతుంది

సిలిండర్ గోడని హోనింగ్ చేసినప్పుడు, అంటే రాపిడి రాళ్లతో అరగదీసినప్పుడు, దాని మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు పడతాయి. వెలుతురులో తిప్పి చూస్తే వలలాగా కనిపిస్తాయి. ఆ గీతల లోతుల్లో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య మిగిలిన మొనల మీద పిస్టన్ చుట్టూ ఉండే రింగు రాసుకుంటూ పోతుంది. మొనలు అరిగి, రింగు అంచు కూడా అరిగి, రెండూ ఒకదానికొకటి సరిపోయాక గ్యాస్ కిందికి జారదు, ఆయిల్ పైకి రాదు. రింగులు సీట్ అవడం అంటే ఇదే.

రింగుని గోడకి నొక్కేది దాని స్ప్రింగ్ బలం ఒక్కటే అనుకుంటాం. అసలు బలం మంట పుట్టించే ఒత్తిడిది. గ్యాస్ రింగు వెనక్కి చేరి దాన్ని బయటికి తోస్తుంది. పవర్ తక్కువగా ఉంటే ఆ తోపు చాలదు. రింగు ఆయిల్ పొర మీద తేలుతూ పోతుంది, మొనలు అరగవు. ఈలోగా పక్కనుంచి జారే వేడి గ్యాస్ ఆ ఆయిల్‌ని కాల్చి వార్నిష్‌లాగా గోడకి అంటిస్తుంది. గీతలు పూడిపోయి గోడ నున్నగా, అద్దంలా తయారవుతుంది. దీన్నే గ్లేజింగ్ అంటారు. ఒకసారి గ్లేజ్ పట్టాక ఎంత గట్టిగా నడిపినా రింగులు సీట్ కావడం కష్టం. సాధారణంగా సిలిండర్ విప్పి మళ్లీ హోనింగ్ చేసి, కొత్త రింగులు వేయడమే దారి.

మీ సిలిండర్ గోడ ఏ రకమో లాగ్‌బుక్ చూసి తెలుసుకోండి. నైట్రైడ్ చేసినవి (నైట్రోజన్‌తో గట్టిపరచినవి), నికెల్ పూత ఉన్నవి త్వరగా సీట్ అవుతాయి. క్రోమ్ పూత పూసిన బోరు (సిలిండర్ లోపలి గోడ) బాగా సతాయిస్తుంది, దానికి ఓపిక కావాలి. క్రోమ్ బోరులో క్రోమ్ రింగు ఎప్పుడూ పడకూడదు. ఇది ఓవర్‌హాల్ చేసినవాళ్లు చూసుకోవలసిన సంగతే, అయినా పార్ట్ నంబర్లు ఒకసారి అడగడంలో తప్పు లేదు.

ఆయిల్

టర్బో లేని మామూలు (నాచురల్లీ ఆస్పిరేటెడ్) ఇంజిన్లలో బ్రేక్-ఇన్‌కి స్ట్రెయిట్ మినరల్ ఆయిల్ వాడతారు. లైకమింగ్ దీన్ని మొదటి 50 గంటలు, లేదా ఆయిల్ ఖర్చు నిలకడగా వచ్చేదాకా వాడమంటుంది. కాంటినెంటల్ 25 గంటలు, లేదా అదే నిలకడ దాకా అంటుంది. ఆ తర్వాతే యాష్‌లెస్ డిస్పర్సెంట్ ఆయిల్, అంటే మురికిని పేరుకోనివ్వకుండా తనలో కలిపి ఉంచే రకం. డబ్బా మీద చూసుకోండి: ఏరోషెల్ 100 అంటే మినరల్, అదే పేరులో ముందు డబ్ల్యూ ఉండి డబ్ల్యూ 100 అని ఉంటే డిస్పర్సెంట్. ఒక్క అక్షరం తేడా. హడావుడిలో షెల్ఫ్ మీంచి తప్పు డబ్బా తీయడం చాలా తేలిక.

మినహాయింపులున్నాయి. లైకమింగ్ టర్బోచార్జ్డ్ ఇంజిన్లని మొదటి నుంచీ డిస్పర్సెంట్ ఆయిల్‌తోనే నడపాలి. ఓ-320-హెచ్ లాంటి కొన్ని మోడళ్లకి ప్రత్యేకమైన అడిటివ్ తప్పనిసరి. సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1014లో మీ మోడల్ ఎక్కడుందో వెతికి, అది చెప్పిందే పోయండి. కార్లకి అమ్మే ఫ్రిక్షన్ తగ్గించే మందులు మాత్రం ఈ సమయంలో దగ్గరికి రానివ్వకండి. మనకి కావలసిందే ఆ రాపిడి.

స్టార్ట్ చేసేముందు

ఈ దశలో రెండు పనుల మీద మనసు పెట్టాలి: గాలి దారి, ఆయిల్ దారి.

గాలి సంగతి ముందు. కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) లోపల బాఫిల్స్ అనే రేకు అడ్డుగోడలు, వాటి అంచున ఉండే రబ్బరు సీల్స్ కలిసి గాలిని సిలిండర్ల రెక్కల మధ్య నుంచి కిందికి పంపుతాయి. సీల్ ఎక్కడైనా వెనక్కి మడతపడితే గాలి అక్కడినుంచే తప్పించుకుంటుంది, సిలిండర్‌కి మిగలదు. సీల్ అంచు గాలి వచ్చే వైపుకి వంగి ఉండాలి, అప్పుడే గాలి ఒత్తిడికి కౌలింగ్‌కి అతుక్కుంటుంది. టార్చ్ పెట్టి ఇన్‌లెట్ లోంచి చూడండి. ఇంజిన్ విప్పి బిగించిన తర్వాత మూలల్లో వేళ్లు దూరేంత సందులు మిగిలిపోవడం మామూలే. ఆర్‌టీవీ (సిలికాన్ సీలెంట్) పూసి మూసేయండి. బ్రేక్-ఇన్‌లో వేడి సమస్య వచ్చినప్పుడు ముందుగా అనుమానించాల్సింది ఈ సందుల్నే.

మాగ్నెటో (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు ఇచ్చేది) టైమింగ్‌ని ఇంజిన్ డేటా ప్లేట్‌తో పోల్చండి. చాలా లైకమింగ్‌లకి 25 డిగ్రీలు, కొన్నింటికి 20. ఇది ముందుకి జరిగితే హెడ్ వేడి ఊరికే పెరుగుతుంది, కారణం దొరక్క తల పట్టుకుంటారు. ఫుల్ థ్రాటిల్ దగ్గర ఫ్యూయల్ ఫ్లో ఎంత రావాలో కూడా రాసిపెట్టుకోండి.

ఇక ప్రీ-ఆయిలింగ్. కొత్తగా బిగించిన ఇంజిన్ బేరింగుల్లో అసెంబ్లీ ల్యూబ్ తప్ప ఆయిల్ ఉండదు. ప్రతి సిలిండర్ నుంచి ఒక స్పార్క్ ప్లగ్ తీసేసి, మాగ్నెటోలు ఆఫ్, మిక్స్చర్ (గాలిలో ఇంధనం పాలు మార్చే లీవర్) కటాఫ్‌లో పెట్టి, ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ లేరని చూసుకుని స్టార్టర్‌తో తిప్పండి. గేజ్‌లో ప్రెషర్ కనిపించేదాకా చిన్న చిన్న విడతల్లో, మధ్యలో స్టార్టర్ చల్లారనిస్తూ. ఎంతకీ సూది లేవకపోతే పంపులో గాలి పట్టి ఉంటుంది. అది తేలేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. స్టోరేజ్‌లోంచి వచ్చిన ఇంజిన్ అయితే ప్రిజర్వేటివ్ ఆయిల్, డెసికెంట్ (తేమ పీల్చే) ప్లగ్గులు తీశారా లేదా అన్నది వేరే చెప్పక్కర్లేదు.

నేల మీద ఎంత తక్కువైతే అంత మంచిది

నేల మీద రన్ చేయడం బ్రేక్-ఇన్ కాదు, లీకులు చూసుకోవడం మాత్రమే. ప్రొపెల్లర్ ఇచ్చే గాలి చాలదు, పవర్ కూడా తక్కువే. అంటే వేడి ఉంటుంది, ఒత్తిడి ఉండదు. గ్లేజింగ్‌కి ఇంతకన్నా మంచి వాతావరణం దొరకదు. టెస్ట్ సెల్‌లో నడిపించిన ఇంజిన్ అయితే ఈ భయం కొంత తగ్గుతుంది, అక్కడ గాలికి వేరే ఏర్పాటు ఉంటుంది కాబట్టి.

విమానం ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి. కౌలింగ్ బిగించే ఉండాలి. తీసేస్తే ఇంజిన్‌కి బాగా గాలి తగులుతుందని అనిపిస్తుంది గానీ, పై కౌలింగ్ లేకపోతే బాఫిల్స్ పని చేయవు. స్టార్ట్ అయిన 30 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపేయండి. వస్తే 1000 నుంచి 1200 ఆర్‌పీఎం మధ్య ఉంచి, ఆయిల్ టెంపరేచర్ 140 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 60 సెల్సియస్ చేరనివ్వండి. మాగ్నెటో చెక్ చకచకా ముగించండి. కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ (రెక్కల కోణం తనే మార్చుకునేది) అయితే ఒకసారి సైకిల్ చేయండి. తర్వాత ఫుల్ థ్రాటిల్, 10 సెకన్లు దాటకుండా. ఆర్‌పీఎం, ఫ్యూయల్ ఫ్లో, ప్రెషర్ చూసుకుని వెనక్కి తీసి, కాస్త చల్లబడ్డాక ఆపండి.

కౌలింగ్ విప్పి ఆయిల్, ఫ్యూయల్ లీకులు చూడండి. డిప్‌స్టిక్ మీద మట్టం దిగి ఉంటుంది, భయపడకండి. కొత్త ఫిల్టర్, ఆయిల్ కూలర్, ప్రొపెల్లర్ హబ్ నిండటానికి పోయింది. తగినంత కలపండి.

సొంతంగా విమానం కట్టుకున్నవాళ్లకి ఒక హెచ్చరిక. కొత్త విమానం కదా అని రన్‌వే మీద గంటలకొద్దీ ట్యాక్సీ టెస్టులు చేస్తుంటారు. బ్రేకులు, స్టీరింగ్ చూసుకోవడం అవసరమే, కానీ రింగులు ఇంకా సీట్ కాని ఇంజిన్‌కి ఆ ట్యాక్సీ విషంతో సమానం. ఆ పరీక్షలు క్లుప్తంగా ముగించండి.

మొదటి ఫ్లైట్

చల్లటి ఉదయం ఎంచుకోండి. పగలు, మంచి విజిబిలిటీ, విమానంలో అవసరమైనవాళ్లు తప్ప ఎవరూ వద్దు. రన్‌వే దగ్గర వరుసలో నిలబడి ఎదురుచూసే పరిస్థితి ఉంటే ఇంకో టైమ్ చూసుకోండి. లైనప్ అయ్యేసరికి హెడ్ టెంపరేచర్లు 300 ఫారెన్‌హీట్ కన్నా కింద ఉంటే హాయి. పైకి పోయి ఉంటే ముక్కు గాలికి తిప్పి చల్లారనివ్వండి.

టేకాఫ్ ఫుల్ పవర్, ఫుల్ రిచ్ (ఇంధనం పాలు ఎక్కువగా). కొత్త ఇంజిన్ కదా అని ఇక్కడ థ్రాటిల్ దాచుకోకండి. పైగా చాలా కార్బ్యురేటర్లలో ఫుల్ థ్రాటిల్ దగ్గర మాత్రమే అదనపు ఇంధనం ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. కొంచెం వెనక్కి లాగితే అది మూసుకుపోయి, మిక్స్చర్ పలచబడి, తగ్గిద్దామనుకున్న వేడి కాస్తా పెరుగుతుంది. ఆర్‌పీఎం గానీ, ఆయిల్ ప్రెషర్ గానీ, ఫ్యూయల్ ఫ్లో గానీ మీరు రాసుకున్నదానికి తక్కువగా ఉంటే రన్‌వే మీదే ఆపేయండి.

పైకి లేచాక ముక్కు దించి, పుస్తకంలో ఉన్న క్లైంబ్ స్పీడ్ కన్నా పది పదిహేను నాట్లు ఎక్కువ ఉంచండి. ఎత్తు మెల్లగా వస్తుంది, రానివ్వండి. ఎయిర్‌ఫీల్డ్ మీదే తిరుగుతూ, ఇంజిన్ ఆగినా గ్లైడ్ చేసి రన్‌వే చేరుకోగలిగే ఎత్తులో లెవెల్ అవ్వండి. మరీ పైకి పోవద్దు. టర్బో లేని ఇంజిన్‌కి 8000 అడుగుల డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి సాంద్రతని బట్టి లెక్కించే ఎత్తు) దాటితే థ్రాటిల్ మొత్తం తెరిచినా కావలసిన పవర్ రాదు. 5000 అడుగుల లోపు ఉంటే నిశ్చింత.

మొదటి గంటంతా 75 శాతం పవర్. ఆ పవర్‌కి ఎంత ఆర్‌పీఎం, ఎంత మానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లలోకి వెళ్లే గాలి ఒత్తిడి) అన్నది మీ విమానం హ్యాండ్‌బుక్ పట్టికలో ఆ రోజు టెంపరేచర్‌కి చూసుకుని, కాగితం మీద రాసి మోకాలి మీద పెట్టుకోండి. మిక్స్చర్ బెస్ట్ పవర్ దగ్గర లేదా ఇంకా రిచ్‌గా. ఇంధనం ఆదా చేసే ఆలోచన ఈ గంటలకి పక్కన పెట్టండి. రెండో గంటలో 65కీ 75కీ మధ్య మారుస్తూ ఉండండి. అంతా బాగుంటే ఆ తర్వాత ఓ అరగంట విమానం తయారీదారు అనుమతించిన గరిష్ట పవర్‌లో నడపమని లైకమింగ్ చెప్తుంది. ఇదంతా ఒకే ఫ్లైట్‌లో కావాలని లేదు. మొదటిసారి గంట తిరిగి దిగి, కౌలింగ్ విప్పి చూసి మళ్లీ వెళ్లడం నాకు నచ్చిన పద్ధతి.

హెడ్ టెంపరేచర్ ఎంత దాకా రానివ్వాలి? గరిష్ట పరిమితి చాలా లైకమింగ్‌లకి 500 ఫారెన్‌హీట్, కాంటినెంటల్‌లకి 460. ఆ అంకెలు చూసి ధైర్యం తెచ్చుకోకండి, అవి గోడలు, గమ్యాలు కావు. క్రూయిజ్‌లో 400 లోపల, అంటే సుమారు 204 సెల్సియస్ లోపల ఉంచాలని చూడండి. క్లైంబ్‌లో 420 కనిపిస్తే పవర్ మీద చేయి వేయకముందు ముక్కు దించండి, స్పీడ్ పెంచండి, కౌల్ ఫ్లాప్స్ (కౌలింగ్ గాలి బయటికి పోయే తలుపులు) ఉంటే తెరవండి, మిక్స్చర్ రిచ్‌గానే ఉందా చూడండి. ఇవన్నీ చేసినా పెరుగుతూనే ఉంటే అప్పుడు పవర్ తగ్గించి దిగండి, కారణం నేల మీద వెతకాలి. ఆయిల్ టెంపరేచర్ 180 నుంచి 200 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే సంతోషం. లైకమింగ్‌లో ఎర్రగీత సాధారణంగా 245 దగ్గర.

ఇంజిన్ మానిటర్ ఉన్నవాళ్లకి ఇక్కడొక ముచ్చట దొరుకుతుంది. పవర్, స్పీడ్, మిక్స్చర్ ఏదీ కదపకుండా ఉన్నప్పుడు, అప్పటిదాకా 410 దగ్గర మొండికేసిన మూడో సిలిండర్ మెల్లగా 400కి, కాసేపట్లో 385కి దిగుతుంది. తర్వాత ఇంకో సిలిండర్ అదే దారి పడుతుంది. రింగు సీట్ అయింది, రాపిడి తగ్గింది, జారే గ్యాస్ తగ్గింది, అందుకే ఆ వేడి పోయింది. అన్నీ ఒకేసారి దిగవు, ఏదో ఒకటి వెనకబడుతుంది. నైట్రైడ్ సిలిండర్లలో ఇది మొదటి ఫ్లైట్‌లోనే కనిపించవచ్చు.

దిగేటప్పుడు థ్రాటిల్ ఒక్కసారిగా మూసేయకండి. దూరం నుంచే మెట్లుమెట్లుగా తగ్గిస్తూ రండి. డైనమిక్ కౌంటర్‌వెయిట్స్ (క్రాంక్‌షాఫ్ట్ అదురు తగ్గించే బరువులు) ఉన్న ఇంజిన్లలో ఆర్‌పీఎం ఎక్కువ ఉండి మానిఫోల్డ్ ప్రెషర్ 15 అంగుళాల కన్నా పడిపోయే పరిస్థితి రానివ్వొద్దు.

తర్వాతి గంటలు

సీట్ అయ్యేదాకా 65 నుంచి 75 శాతం మధ్య, కాస్త మారుస్తూ, గంటకి తక్కువ కాని ఫ్లైట్లు చేయండి. సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరగడం), టచ్ అండ్ గో (దిగీ దిగగానే మళ్లీ లేవడం), పొడుగు ఐడిల్ డిసెంట్లు, స్టాల్ ప్రాక్టీసు వాయిదా వేయండి. ఫ్లయింగ్ స్కూల్ విమానమైతే ఇది కష్టమే. ఇన్‌స్ట్రక్టర్లతో ముందే మాట్లాడి, ఆ గంటల్ని క్రాస్-కంట్రీలకి కేటాయించుకోండి. వారాల తరబడి హాంగర్‌లో పడేయడం కూడా అంతే చెడ్డది. కొత్తగా హోనింగ్ అయిన ఇనుప గోడకి తుప్పు తొందరగా పడుతుంది.

డిప్‌స్టిక్ లెక్క

కొత్త మినరల్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద దాదాపు కనబడదు. తుడిచి, ముంచి, తీసి, స్టిక్‌ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే తడి ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ప్రతిసారీ ఒకే చోట, సమతలంగా ఉన్న నేల మీద, ఇంజిన్ ఆపాక ఒకే అంత సమయం ఆగి చూడండి. వేడి మీద ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి చూస్తే రెండూ పోల్చడానికి పనికిరావు.

సంప్‌ని, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిని, నోటిదాకా నింపకండి. 8 క్వార్టుల (క్వార్టు అంటే లీటరుకి కాస్త తక్కువ) సంప్‌లో పైన ఉన్న ఒకటి రెండు క్వార్టుల్ని చాలా ఇంజిన్లు బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి గ్యాస్ బయటికి పోయేది) లోంచి విమానం పొట్ట కిందికి చిమ్మేస్తాయి. అది చూసి ఇంజిన్ ఆయిల్ తాగేస్తోందని మనకి టెన్షన్. ఆరో ఏడో దగ్గర నిలబెట్టి, ఎన్ని గంటలకి క్వార్టు కలపాల్సి వచ్చిందో రాసుకుంటూ పోండి. లైకమింగ్ ఇచ్చే గరిష్ట పరిమితి లెక్క ఇది: హార్స్‌పవర్‌ని 0.006తో, తర్వాత 4తో గుణించి, 7.4తో భాగిస్తే గంటకి ఎన్ని క్వార్టులో వస్తుంది. 180 హార్స్‌పవర్‌కి సుమారు 0.58. రెండు గంటలకి క్వార్టు పైన అన్నమాట. బాగా సీట్ అయిన ఇంజిన్ ఈ హద్దుకి చాలా దూరంలోనే ఉంటుంది. మీరు చూడాల్సింది ఒక్క రోజు అంకె కాదు. మొదట్లో ఎక్కువ తాగి, తగ్గుతూ వచ్చి, ఒకచోట ఆగిందా అన్నదే ముఖ్యం. పొట్ట కింద ఆయిల్ మరక పలచబడటం కూడా అదే కబురు చెప్తుంది.

ఫిల్టర్ కోసి చూడటం

మొదటి ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో మాన్యువల్ చెప్తుంది, 25 గంటలు దాటనివ్వకండి. నేనైతే పది గంటలకే ఒకసారి విప్పుతాను. డబ్బాని కట్టర్‌తో కోయండి, రంపంతో కాదు. రంపపు పొడి లోపల పడితే అది ఇంజిన్ లోహమో రంపందో తేల్చలేరు. మడతల కాగితం కోసి, ఆయిల్ పిండేసి, తెల్లటి గుడ్డ మీద పరిచి ఎండలో చూడండి. మొదటిసారి సన్నటి మెరుపు ఉంటుంది, అది రింగులు చేసుకున్న పని. అయస్కాంతం తిప్పి ఎంత అంటుకుందో చూడండి. వేలితో తీసి పక్కన పెట్టగలిగే రేకులు, ముక్కలు ఉంటే మాత్రం మళ్లీ ఎగరకండి, మెకానిక్‌ని పిలవండి.

అదే సమయంలో ఎగ్జాస్ట్ గాస్కెట్లు, ఇన్‌టేక్ క్లాంపులు, గొట్టాలు ఎక్కడైనా రాసుకుంటున్నాయేమో చూసి, మాన్యువల్ చెప్పిన చోట టార్క్ సరిచూడండి. ఆయిల్ ల్యాబ్‌కి పంపిస్తే మొదటి రిపోర్టులో ఇనుము, సిలికాన్ అంకెలు చూసి కంగారు పడొద్దు. సిలికాన్ చాలాసార్లు గాస్కెట్ సీలెంట్‌ది. రెండు మూడు రిపోర్టులు వచ్చాకే వాటికి అర్థం ఉంటుంది.

అయినట్టా, కానట్టా

ఆయిల్ ఖర్చు ఒకచోట ఆగడం, హెడ్ టెంపరేచర్లు మొదటి గంటల కన్నా దిగి స్థిరపడటం, 80 పీఎస్‌ఐ పెట్టి చేసే డిఫరెన్షియల్ కంప్రెషన్ టెస్టులో (సిలిండర్ గాలిని ఎంత నిలుపుకుంటుందో చూసేది) సిలిండర్లన్నీ దగ్గర దగ్గరగా రావడం, ఈ మూడూ కలిస్తే అయినట్టే. ఒక్కదాన్నే నమ్ముకోకండి. కంప్రెషన్ బాగున్నా ఆయిల్ రింగు సీట్ కాని ఇంజిన్లు ఉంటాయి.

50 గంటలు దాటినా ఖర్చు తగ్గడం లేదంటే, ముందు బ్రీదర్, లీకులు చూడండి. తర్వాత కింది స్పార్క్ ప్లగ్గులు విప్పండి. ఒక్క సిలిండర్ ప్లగ్గే ఆయిల్‌తో తడిసి నల్లగా ఉంటే దోషి దొరికినట్టే. బోర్‌స్కోప్ (సన్నని కెమెరా) దించి గోడ చూడండి. గీతలు ఇంకా స్పష్టంగా ఉంటే 75 శాతం మీద ఇంకొన్ని గంటలు నడిపి చూడవచ్చు. గీతలు మాయమై గోధుమరంగు నునుపు కనిపిస్తే ఇక గంటలు వృథా చేయకండి, ఆ ఒక్క సిలిండర్ విప్పి హోనింగ్‌కి పంపండి. దాని కోసం మిగతావాటిని కదపనక్కర్లేదు. అది తిరిగి వచ్చాక ఆ ఒక్కదాని కోసం మళ్లీ మినరల్ ఆయిల్, మళ్లీ ఇదే క్రమం.

అన్నీ కుదిరితే మినరల్ ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే దించేసి, కొత్త ఫిల్టర్‌తో డిస్పర్సెంట్ ఆయిల్ పోయండి. కంప్రెషన్ అంకెలు, క్వార్టుకి ఎన్ని గంటలు వస్తోంది, 75 శాతం దగ్గర ఒక్కో సిలిండర్ టెంపరేచర్ ఎంత అన్నవి లాగ్‌బుక్‌లో ఒక పేజీలో రాయండి. ఏడాది తర్వాత ఏదైనా సిలిండర్ 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే పోల్చుకోవడానికి మీ దగ్గర ఆ పేజీ ఉంటుంది.